మోటరు ఆగినప్పుడు లేచిందెవరు?

మా నాయినకు డెబ్బై మూడేండ్లు. ఇన్నేండ్లలో తనకు ఒక్క కల కూడా రాలేదని ఆయన చెబుతాడు. "పండుకుంటే పండుకున్నట్టే బిడ్డా, నాకు కలలు గిలలు రావు" అనే మాటను ఆయన గొప్పగానూ అనడు, బాధగానూ అనడు. తనకు షుగరు లేదని చెప్పినట్టుగా చెబుతాడు. చాలాకాలం నేను ఆ మాటను నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు. ఎందుకు నమ్మడం లేదో చెప్పాలంటే ముందు మా బోరు దగ్గరి రాత్రుల గురించి చెప్పాలి.

దేవరకొండ వైపు మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉన్నది. తెలంగాణ అంతటా వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది కానీ, అంతకు ముందు త్రీఫేజు కరెంటు వంతుల మీద వచ్చేది. పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు. రాత్రి వంతు పడిన రోజుల్లో నాయిన స్టార్టరు డబ్బా పక్కన మంచం వేసుకొని పడుకునేవాడు. బడి సెలవుల్లో ఆ మంచం మీదే ఆయన పక్కన నేనూ పడుకునేవాణ్ణి. మోటరు చేసే చప్పుడుకు నాకు నిద్ర పట్టేది కాదు. ఆయనకు మాత్రం ఆ చప్పుడే జోలపాట. కుక్కలు మొరిగినా, ఉరుము ఉరిమినా, రోడ్డు మీద లారీ పోయినా ఆయన కదిలేవాడు కాదు. ఓల్టేజీ పడిపోయో, ఒక ఫేజు పోయో మోటరు ఆగిందంటే మాత్రం మరుక్షణం మంచం మీద కూర్చునేవాడు. అంటే ఆయనను లేపింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. అట్లా ఒకే రాత్రి మూడుసార్లు లేచిన మనిషి పొద్దున అమ్మతో "ఒళ్ళు తెల్వకుండ పండుకున్న" అనేవాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు, ఆయనకు తెలిసినంతవరకు జరిగింది అదే.

నిద్రలో ఎరుక ఆరిపోతుందని మనం అనుకోవడానికి ఉన్న ముఖ్యమైన ఆధారం పొద్దున లేచిన తరువాత మనం ఇచ్చే వాంగ్మూలమే. ఆ సాక్షి నమ్మదగినవాడు కాదన్నదే ఈ వ్యాసంలో నేను చేయబోయే వాదం. గుర్తులేకపోవడం ఒకటి, అనుభవం లేకపోవడం మరొకటి. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్ల నిద్ర గురించీ మన గురించీ మనం తప్పుగా అర్థం చేసుకుంటున్నామని నా అభిప్రాయం. (చైతన్యం అనే మాటను వేదాంతులు బాగా బరువెక్కించారు, స్పృహ అంటే ఆసుపత్రి మంచం గుర్తొస్తుంది. అందుకని మన ఎరుక అనే పాత మాటనే వాడుకుంటున్నాను.)

అయితే మోటరు ఉదాహరణతోనే ఈ వాదం నెగ్గిందని అనుకోకూడదు. చప్పుడులో మార్పు వస్తే మేల్కొల్పే ఏర్పాటు మెదడులో ఉండవచ్చు. ఆ ఏర్పాటు పనిచేయడానికి ఎరుక అవసరమే లేకపోవచ్చు. స్టార్టరులోని రిలే కూడా ఓల్టేజీ తగ్గిన సంగతిని పసిగడుతుంది కానీ, రిలేకు ఎరుక ఉన్నదని ఎవరూ అనరు. 1960లో ఇయాన్ ఆస్వాల్డ్, ఆయన సహచరులు నిద్రపోతున్నవారికి వరుసగా పేర్లు వినిపించి, ఎవరి పేరు వారికి వినబడినప్పుడు మెదడు తరంగాలలో ప్రత్యేకమైన స్పందన కలుగుతున్నదని చూపించారు. ఇన్ని పేర్లలో ఏది తనదో, ఇన్ని చప్పుళ్ళలో ఏది ముఖ్యమో నిద్రలో కూడా మెదడు వేరు చేస్తుందని దీనివల్ల తేలుతుంది. వేరు చేస్తున్నప్పుడు లోపల అనుభవమేమైనా ఉన్నదా లేదా అన్నది మాత్రం తేలదు. కాబట్టి మోటరు ఈ ప్రశ్నను నా ముందు పెట్టింది, అంతే.

పాలమూరు వైపున్న మా మేనమామ ఇరవై ఏండ్లు బొంబాయిలో కట్టడం పనులకు పోయినవాడు. కొత్త సైటుకు పోయిన మొదటి రాత్రి సగం నిద్రే పడుతుందని ఆయన అనేవాడు. ఆయన ఆ "సగం" అనే మాటను లెక్క కోసం వాడలేదు. కానీ 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొత్తచోట నిద్రించిన మొదటి రాత్రి మెదడులో ఎడమ అర్ధభాగం కుడిదానంత గాఢంగా నిద్రపోదని, కొత్త చప్పుళ్ళకు అదే ఎక్కువగా స్పందిస్తుందని చూపించారు. ఆ సంగతి చెబితే మామ ఆశ్చర్యపోలేదు. "సామాన్లు ఎవడు కాయాలె మరి" అన్నాడు.

ఇక కలల సంగతి. 1929లో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసి ప్రచురించేదాకా, నిద్ర అంటే అంతా ఒకే తీరుగా ఉండే చీకటి అనే అభిప్రాయం ఉండేది. 1953లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో కొన్ని వేళల్లో కనుగుడ్లు రెప్పల కింద వేగంగా కదులుతాయని, ఆ వేళల్లో లేపితే చాలామంది కలలు చెబుతారని ప్రకటించారు. ఈ దశను కనుకదలికల నిద్ర అందాం. దాదాపు తొంభై నిమిషాలకొకసారి ఇది తిరిగి వస్తుంది, తెల్లవారుజామున ఎక్కువసేపు నిలుస్తుంది. 1957లో డిమెంట్, క్లైట్‌మన్ లెక్కపెట్టి చూస్తే, ఈ దశలో లేపిన 191 సార్లలో 152 సార్లు కలలు చెప్పారు. మిగిలిన నిద్రలో లేపిన 160 సార్లలో 11 సార్లే చెప్పారు. అంత స్పష్టమైన తేడా కనిపించేసరికి కనుకదలికల నిద్రంటే కల, మిగిలిన నిద్రంటే శూన్యం అనే సూత్రం స్థిరపడిపోయింది. ఇప్పటికీ కొన్ని పాఠ్యపుస్తకాలలో ఇదే ఉన్నది. నల్లగొండలో ఇంటరు పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే నేను కూడా కొన్నేండ్లపాటు ఇదే చెప్పాను.

ఆ సూత్రాన్ని కదిలించింది కొత్త యంత్రం కాదు, ప్రశ్నలో చేసిన మార్పు. 1962లో డేవిడ్ ఫౌక్స్, నిద్రలోంచి లేపినవారిని "కల వచ్చిందా?" అని అడగకుండా, "లేవడానికి ముందు మనసులో ఏమి మెదులుతున్నది?" అని అడిగాడు. అప్పుడు శూన్యమనుకున్న నిద్రలో లేపినప్పుడు కూడా సగానికి మించిన సార్లు ఏదో ఒకటి ఉన్నదనే జవాబు వచ్చింది. అవి కథలూ వింతలూ ఉన్న కలలు కావు. ఒక ఆలోచన, ఒక బొమ్మ, చేయవలసిన పని గురించిన చింత, అంతే. కల అని పిలవదగినంత హంగు లేనివి కాబట్టి, కల వచ్చిందా అని అడిగితే వాళ్ళంతా నిజాయితీగానే రాలేదని చెప్పేవారు.

ఇది చదివినప్పుడు నాకు నాయిన గుర్తుకొచ్చాడు. నేను ఇన్నేండ్లుగా ఆయనను తప్పుడు ప్రశ్న అడుగుతున్నానేమో అనిపించింది.

కిందటి ఉగాదికి ఊరికి పోయినప్పుడు, అమ్మ తిడుతున్నా వినకుండా ఒక పని చేశాను. వాకిట్లో మంచం మీద నాయిన నిద్రపోయి గంట దాటిన తరువాత, భుజం తట్టి లేపి, "నాయినా, ఇప్పుడు మనసుల ఏమున్నది?" అని మెల్లగా అడిగాను. కండ్లు సగం తెరిచి, "నీళ్ళు పల్లానికి వోతున్నయ్ రా, కాలువ మర్లెయ్యి" అని, మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు. అప్పుడు ఆయన నిద్ర ఏ దశలో ఉన్నదో చెప్పే యంత్రం నా దగ్గర లేదు. అయితే మామూలుగా రాత్రి మొదటి భాగంలో ఎక్కువగా ఉండేది గాఢనిద్రే. పొద్దున చాయ తాగుతుండగా అడిగితే, తాను ఆ మాట అనలేదని, అసలు నేను లేపనే లేదని వాదించాడు. అమ్మ సాక్ష్యం చెప్పినా ఒప్పుకోలేదు.

ఒక్క మనిషి, ఒక్క రాత్రి, కొలత లేదు, అడిగినవాడు కొడుకు. దీన్ని ప్రయోగమని అనలేను. అయినా నేను చెప్పదలచుకున్న విషయం ఇందులో మొత్తం ఉన్నది. రాత్రి అనుభవముందని చెప్పిన నోరే పొద్దున లేదని చెప్పింది. ఈ రెండు వాంగ్మూలాలలో రెండోదాన్నే మనం ఎల్లప్పుడూ నమ్ముతున్నాము, ఎందుకంటే మొదటిదాన్ని అడిగేవారు ఉండరు.

మరచిపోవడానికి శరీరంలోనే కారణాలున్నాయి. జ్ఞాపకాలను గట్టిపరచడానికి తోడ్పడే నారడ్రినలిన్‌ను మెదడుకు అందించే కణాలు నిద్రలో నెమ్మదిస్తాయి, కనుకదలికల నిద్రలో దాదాపు పూర్తిగా మౌనం వహిస్తాయి. కలలు బాగా గుర్తుండేవారినీ అరుదుగా గుర్తుండేవారినీ ఫ్రాన్సులోని లియోన్‌లో పరీక్షించి చూస్తే, మొదటివారు నిద్ర పట్టిన తరువాత రాత్రి మొత్తంలో సుమారు 30 నిమిషాలు మెలకువగా ఉంటే, రెండోవారు సుమారు 15 నిమిషాలే ఉన్నారు. మధ్యమధ్య మెలకువ వచ్చినవారికి కలను దాచుకునే సందు దొరుకుతుంది. గట్టిగా నిద్రపోయే రైతుకు ఆ సందు తక్కువ. ఈ లెక్కన "నాకు కలలు రావు" అనే మాటకు "నేను బాగా నిద్రపోతాను" అన్నదే అసలు అర్థం కావచ్చు.

ఇంకొక ఆధారం మా అమ్మ దగ్గరే ఉన్నది. నాయిన నిద్రలో కలవరిస్తాడు. ఎడ్లను అదిలిస్తాడు, ఎవరినో వద్దు వద్దంటాడు. ఆ ఎడ్లను అమ్మి పదిహేనేండ్లయింది. నిద్రలో మాట్లాడే వందలమందిని పారిస్‌లో రికార్డు చేసి 2017లో లెక్క తీస్తే, వారి నోట అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన మాట "కాదు", "వద్దు" అనే అర్థమిచ్చేదే. దానికి రెండేండ్ల ముందు అదే నగరంలో, కనుకదలికల నిద్రలో ఒళ్ళు సడలిపోయి నిశ్చలంగా ఉండవలసింది పోయి చేతులు కాళ్ళు ఆడించే జబ్బు ఉన్నవారిని పరిశీలించారు. వారిలో తమకు జన్మలో కల రాలేదని చెప్పేవారు కొందరు ఉన్నారు. వీడియోలో చూస్తే వారు నిద్రలో వాదిస్తున్నారు, పోట్లాడుతున్నారు. లేపి అడిగితే ఏమీ లేదంటున్నారు. ఏమీ లేదన్న మాటకు కళ్ళెదుటే ఇంత సాక్ష్యం ఎదురు నిలిచిన సందర్భం ఈ శాస్త్రంలో మరొకటి ఉన్నదని నేననుకోను.

దీనికి తత్వవేత్తలు వేసిన పెద్ద అడ్డుపుల్ల ఒకటి ఉన్నది. నార్మన్ మాల్కమ్ 1959లో, నిద్రలో అనుభవం ఉండటమనే మాటకే అర్థం లేదని, లేచినవాడు చెప్పే కథ తప్ప కల అంటూ వేరే ఏదీ లేదని వాదించాడు. ఆ లెక్కన నాయిన అన్న నీళ్ళు, పల్లం, కాలువ అన్నీ నేను భుజం తట్టిన క్షణంలో పుట్టినవే కావచ్చు. కానీ ఈ అడ్డుపుల్ల నిలవలేదు. కలలో ఉన్నామని కలలోనే తెలుసుకోగలిగే కొద్దిమంది, ముందుగా అనుకున్న పద్ధతిలో కళ్ళను ఎడమకూ కుడికీ తిప్పి నిద్రలోంచే సంకేతం పంపగలరని 1975లో ఇంగ్లండులో కీత్ హర్న్, తరువాత కొన్నేండ్లకు అమెరికాలో స్టీఫెన్ లబెర్జ్ నిరూపించారు. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలలు కలిసి ఇంకా ముందుకు పోయాయి. నిద్రలో ఉన్నవారిని ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అని అడిగితే, ఒకరు కళ్ళను రెండుసార్లు తిప్పి జవాబు చెప్పారు. 158 ప్రయత్నాలలో సరైన జవాబులు వచ్చినవి 18 శాతమే, నిజమే. కానీ లేచినాక కథ అల్లినవాడు నిద్రలో ఉండగా తీసివేత లెక్క చేయలేడు.

కాబట్టి కలలో అనుభవం ఉన్నదని అంగీకరించినా, కలలేని గాఢనిద్ర మాటేమిటని అడుగుతారు. అసలు చిక్కు అక్కడే ఉన్నది. మనవాళ్ళు దీని మీద ఎంతో కాలం వాదించుకున్నారు. పన్నెండు మంత్రాల మాండూక్యోపనిషత్తు, ఏ కోరికా కోరని, ఏ కలా చూడని స్థితిని సుషుప్తి అన్నది. అద్వైతులు ఒక మామూలు మాటను పట్టుకున్నారు. లేచినవాడు "సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అంటాడు గదా, అనుభవించనిదాన్ని ఎవరూ గుర్తు చేసుకోలేరు కాబట్టి, ఆ సుఖాన్నీ ఆ తెలియకపోవడాన్నీ నిద్రలో ఎరుగుతున్న సాక్షి ఒకటి ఉండి తీరాలి అన్నారు. నైయాయికులు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించే తార్కికులు, దీన్ని ఒప్పుకోలేదు. అది జ్ఞాపకం కాదు, లేచినాక చేసిన ఊహ అన్నారు. మా ఊరి భాషలో చెప్పాలంటే, రాత్రంతా ఇంట్లో పడుకున్న పక్కపొలం ఆసామి పొద్దున వచ్చి, తడిసిన మడి చూసి, "రాత్రి కరెంటు మంచిగనే ఉన్నట్టుంది" అంటాడు. కరెంటు ఉన్నప్పుడు ఆయన అక్కడ లేడు. ఒళ్ళు తేలికగా ఉంటే మంచి నిద్ర పట్టిందని మనం అనుకోవడం కూడా అటువంటిదే.

ఇక్కడ నా తీర్పు నైయాయికుల వైపే. పొద్దున్నే మనం చెప్పేది చాలావరకు తడి మడిని చూసి చేసిన ఊహే. మా అమ్మ దీనికి ఉదాహరణ. రాత్రంతా కన్ను మూయలేదని ఆమె పొద్దున్నే చెబుతుంది, ఆమె గురకకు నేను నిద్రలేచిన రాత్రులు లెక్కలేనన్ని. నిద్ర వైద్యులకు ఇది బాగా తెలిసిన సంగతి. యంత్రం ప్రకారం గంటలకొద్దీ నిద్రపోయి కూడా అసలు నిద్రపోలేదనే రోగులు నిజంగా ఉన్నారు. ఏమీ తెలియలేదనే నాయిన, అంతా తెలుస్తూనే ఉన్నదనే అమ్మ ఒకే ఇంట్లో పక్కపక్క మంచాల మీద పడుకుంటారు. ఇద్దరి సాక్ష్యమూ చెల్లదు.

అయితే నైయాయికులు గెలిస్తే అద్వైతులు చెప్పిన విషయం కూలిపోయిందని కాదు, వారి రుజువు మాత్రమే కూలింది. జ్ఞాపకం లేదని తేలినంత మాత్రాన అనుభవం లేదని తేలదు. గాఢనిద్రలో లేపి వెంటనే అడిగిన ప్రయోగాలలో మూడు రకాల జవాబులు వస్తాయి. ఫలానాది అనుభవంలో ఉన్నదని కొందరు, ఏమీ లేదని కొందరు, ఏదో ఉండింది కానీ ఏమిటో జారిపోయిందని కొందరు చెబుతారు. ఈ మూడో జవాబు నాకు ఎంతో విలువైనది. 2017లో నిద్ర పరిశోధకుడు జూలియో టొనొని బృందం, నిద్ర ఏ దశలోనిదైనా సరే, మెదడు వెనుకభాగంలోని ఒక ప్రాంతంలో గాఢనిద్రకు గుర్తయిన నెమ్మది తరంగాలు తగ్గినప్పుడు లేపితే అనుభవం ఉన్నదనే జవాబు, పెరిగినప్పుడు లేపితే లేదనే జవాబు వచ్చే అవకాశం ఎక్కువని కనుగొన్నది. ఏమీ లేదనే జవాబులు కూడా ఉన్నాయి గనుక, రాత్రి పొడుగునా ఎరుక వెలుగుతూనే ఉంటుందని నేననను. అది వంతుల కరెంటు వంటిది, వస్తూ పోతూ ఉంటుందని మాత్రం అంటాను.

ఇక్కడ కొందరు మిత్రులు ఉత్సాహపడి, ఇదంతా మన ఋషులు ఏనాడో చెప్పారని, సుషుప్తి అంటే గాఢనిద్ర దశేనని అంటారు. కాదు. ప్రయోగశాలలో గాఢనిద్ర అంటే, ముప్పై సెకన్ల ముక్కలో కనీసం ఐదోవంతు నెమ్మది తరంగాలు ఉండటం. అది కాగితం మీద కొలత. సుషుప్తి అంటే కల లేని అనుభవస్థితి. ఆ కొలత ఉన్న వేళల్లోనే కొందరు అనుభవాలు చెబుతున్నప్పుడు రెండూ ఒకటెట్లా అవుతాయి? పైగా ఋషులు అందరూ ఒకే మాట మీద లేరు. ఛాందోగ్యోపనిషత్తులో ప్రజాపతి, కల లేని నిద్రే ఆత్మ అని చెప్పగానే ఇంద్రుడు సంతోషంగా బయలుదేరి, సగం దారిలోనే అనుమానం వచ్చి తిరిగి వస్తాడు. ఆ నిద్రలో "ఇది నేను" అని కూడా తెలియదు, నశించిపోయినట్టే ఉన్నది, ఇందులో నాకు మేలేమీ కనబడటం లేదంటాడు. ప్రజాపతి అతన్ని గద్దించడు, అనుమానం సరైనదేనంటాడు. మన పెద్దలను గౌరవించదలిస్తే ఆ అనుమానాన్ని గౌరవించాలి.

ఈ చర్చ అంతా ఊసుపోకకు చేసేది కాదని చెప్పడానికి మత్తుమందు సంగతి ఒక్కటి చాలు. మత్తు నిద్ర కాదు, అయినా ప్రశ్న అదే. శస్త్రచికిత్సకు మత్తిచ్చిన రోగి కండరాలను సడలించే మందు ఒక చేతికి చేరకుండా పట్టీ బిగించి, "వినబడుతున్నదా, వినబడితే నా చేయి నొక్కు" అని అడిగే పద్ధతి ఒకటి ఉన్నది. 2017లో ప్రచురించిన ఒక పరిశీలనలో 260 మందిలో 12 మంది, గొంతులో గొట్టం వేసిన తరువాత, అడిగినప్పుడు చేయి నొక్కారు. ఆ 12 మందిలో ఐదుగురు నొప్పి ఉన్నదని మళ్ళీ నొక్కి చెప్పారు. తరువాత విచారిస్తే ఎవరికీ శస్త్రచికిత్స నాటి సంగతులు గుర్తులేవు. గుర్తులేదు కాబట్టి నొప్పి లేదని ఆ ఐదుగురి ముఖం చూసి అనగలిగినవారు నాయిన మాటను నమ్మవచ్చు.

ఇదంతా ఒక సాయంత్రం తోటలో నాయినకు చెప్పాను. చివరిదాకా విన్నాడు. "అన్ననేమో. విన్నది నువ్వు, యాదికున్నది నీకు. నేనైతే ఆడ లేను గదా" అన్నాడు. అయితే మోటరు ఆగినప్పుడు లేచిందెవరని అడిగాను. "ఆగినంక లేచిన. లేచినంక ఉన్న" అన్నాడు. న్యాయదర్శనం చదవకుండానే ఆయన అన్న ఆ మాటకు ఆ సాయంత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ రాత్రి కూలరు పెట్టుకొని అందరం లోపలే పడుకున్నాము. రెండు గంటలప్పుడు కరెంటు పోయి కూలరు ఆగింది. చీకట్లో నాయిన లేచి కూర్చొని, "కరెంటు వోయింది" అని, కాసేపు చెవి ఒగ్గి విని, మళ్ళీ పడుకున్నాడు. పొద్దున అడిగితే, రాత్రి కరెంటు పోనేలేదన్నాడు.